కొసదీవిలో పాలు కాచిన రోజు

కాత్యాయనిగారిని ఏదైనా అడగాలంటే శిష్యులు కాస్త ముందూ వెనకా చూసుకునేవారు. ఆవిడ కోప్పడతారని కాదు, అడిగినవాళ్ళ వెంట బయల్దేరతారని. కోపం ఎలా పోతుందని అడిగిన ఒకాయనతో ఆవిడ ఏడాది పొడుగునా కోర్టుకు వెళ్ళారు. సొంత అన్నగారి మీద ఆయన వేసిన దావా అది. వాయిదా ఉన్నప్పుడల్లా కోర్టు ఆవరణలో బల్ల మీద ఆయన పక్కనే కూర్చుని, మరమరాలు తిని, వచ్చేసేవారు. దావా ఏమైందో గాని, ఆయన మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు. తునిలో సాయంత్రాలు ఆవిడ అరుగు మీద చదువుకోవడానికి వచ్చే పదిమందికీ ఈ సంగతి తెలుసు. అందుకని చాలామంది తమ సందేహాలు తమ దగ్గరే పెట్టుకుని, పాఠం విని, ఇంటికి పోయేవారు.

హైమవతి మాత్రం అడిగింది.

ఆమె మాట తక్కువ మనిషి. భర్త పోయాక బజార్లో పుస్తకాల దుకాణం నడుపుతూ ఒక్క కూతుర్ని పెంచుకుంది. ఆ పిల్ల, చారుమతి, కొండమీద వ్యవసాయ కాలేజీలో చదువుతూ ఉండేది. ఆ ఏడు వానల్లో కాలేజీ బస్సు ఘాట్ రోడ్డు మలుపులో లోయలోకి ఒరిగిపోయింది. చారుమతి కాలికి కట్టుతో ఇంటికి వచ్చింది. పక్క సీట్లో పిల్ల రాలేదు.

కట్టు విప్పాక, కాలేజీ తెరిచారు వెళ్తానంది చారుమతి. వెళ్ళడానికి ఆ బస్సే, ఆ దారే. వేరే దారి లేదు. హైమవతి వద్దంది. కొన్నాళ్ళు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. ఆఖరికి పిల్లే నోరు విప్పింది.

"నన్ను ఆవకాయలా జాడీలో పెట్టి వాసెన కట్టేస్తావా అమ్మా?"

"కట్టేస్తాను."

పిల్ల తల్లి మొహంలోకి కాసేపు చూసింది. "సరే అయితే. ఎక్కడ పెడితే అక్కడుంటాను," అని లోపలికి పోయింది. ఆ రోజు మొదలు దేనికీ ఎదురు చెప్పలేదు. వడ్డిస్తే తినేది. టీవీ పెడితే చూసేది, కట్టేస్తే చీకటి తెర వంక చూస్తూ అలాగే కూర్చునేది. ఆ మౌనం చూసి హైమవతికి బస్సు ఒరిగిన నాటికంటే ఎక్కువ దడ పుట్టింది. అయినా పిల్ల కళ్ళెదుట ఉంది కదా అనుకుంది.

అలాంటి రోజుల్లో కామేశు అనే ప్లాట్ల ఏజెంటు దుకాణానికి వచ్చాడు. సముద్రం మధ్య ఒక దీవి, అక్కడ స్థలాలు ఇస్తున్నామని ఫోన్లో ఫోటోలు చూపించాడు. ఒక దీవుల వరసలో చివరిది కాబట్టి అక్కడి తెలుగువాళ్ళు దాన్ని కొసదీవి అంటారట. తాతల నాడు సిక్కోలు తీరం నుంచి వలలు వేసుకుంటూ వెళ్ళి అక్కడే ఉండిపోయిన కుటుంబాలట. ముందు ముందు రిసార్టులు వస్తాయి, రేటు ఆకాశానికి లేస్తుంది అని చెప్పుకుపోతూ ఉంటే హైమవతి ఒక్క మాట అడిగింది.

"బస్సులున్నాయా?"

"రోడ్డే లేదండీ," అనేసి అతను నాలుక కరుచుకున్నాడు. "అంటే, త్వరలో వచ్చేస్తుందండీ."

"రాకుండా ఉంటే చాలు," అంది హైమవతి.

కామేశు ఇన్నాళ్ళ వ్యాపారంలో అలాంటి గిరాకీని చూసి ఉండడు.

ఇల్లూ దుకాణమూ అమ్మేసి, ఆ దీవిలో స్థలం కొని, చిన్న ఇల్లు కట్టుకుని పిల్లతో అక్కడే ఉండిపోవాలని ఆమె నిశ్చయించుకుంది. పిల్ల ఊఁ అంది. ఊఁ అనడంలో కష్టమేముంది? ఆ సాయంత్రం పాఠం అయ్యాక, అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, హైమవతి అరుగు మీద కూర్చునే అడిగింది.

"గురువుగారూ, పిల్లను ఎక్కడ ఉంచితే క్షేమంగా ఉంటుంది?"

కాత్యాయనిగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నువ్వు ఎక్కడనుకుంటున్నావు?"

హైమవతి దీవి సంగతి చెప్పింది. చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళు ఆగిపోయారు. అలల మీద రెండు పగళ్ళు, ఈ వయసులో ఆవిడ! ఒకరు గొంతు సవరించుకున్నారు కూడా.

"బయల్దేరడం ఎప్పుడు?" అన్నారు కాత్యాయనిగారు.

పిల్లను ఆడపడుచు ఇంట్లో దించి, హైమవతి ప్రయాణం కట్టింది. విశాఖ రేవులో పెద్ద ఓడ ఎక్కి, ఆ తర్వాత లాంచీ మారారు. కామేశూ వెంట వచ్చాడు. ఆ దీవిలో ప్లాట్లు ఎందరికో చూపించాడు గాని, ఫోన్లో తప్ప దాన్ని చూడటం అతనికీ అదే మొదలు. లాంచీ ఊగుడికి పాపం పేగులు తోడినట్టు వాంతులు చేసుకున్నాడు. కాత్యాయనిగారు ఉప్పు రాసిన నిమ్మచెక్క అతని చేతిలో పెట్టి, "సీ వ్యూ బాగుందయ్యా," అన్నారు. హైమవతి ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని కూర్చుంది. అందులో ఒక కొత్త స్టీలు గిన్నె, పసుపు, కుంకుమ ఉన్నాయి. ఆ నేల మీద పాలు పొంగించి చూస్తుంది. పొంగి తూర్పుకు ఒలికితే కామేశుకి మాట ఇచ్చేస్తుంది, వచ్చే లాంచీకి పిల్లను తెచ్చేసుకుంటుంది. పొంగకపోతే అన్న సంగతి ఆమె ఆలోచించలేదు.

కొసదీవి ఫోటోల్లో కంటే బాగుంది. తెల్లని ఇసుక, దాని వెనక వరసలుగా కొబ్బరిచెట్లు, వాటి నీడలో రేకుల ఇళ్ళు, దండేల మీద ఆరేసిన వలలు. ఎక్కడా హారన్ చప్పుడు లేదు. స్థలం నూకరత్నం అనే ఆమెది. హైమవతి ఈడుదే, ఆ దీవిలోనే పుట్టింది. పడవ ఇంజను పాడైతే కొత్తది కొనడానికి, ఇంటిని ఆనుకుని ఉన్న నేలచెక్క అమ్ముతోంది. రేవు దగ్గరికి ఎదురొచ్చి, బరువు చూసుకోకుండా ఇద్దరి సంచులూ రెండు చేతులా అందుకుంది.

నేల మీద కాళ్ళు ఆనగానే కామేశుకి ప్రాణం లేచొచ్చింది. "చూడండి మేడమ్, ఈశాన్యంలో సముద్రం. ఇంతకంటే వాస్తు ఏముంటుందండీ! లక్షల్లో ఒక ప్లాటుకి కుదురుతుంది."

కాత్యాయనిగారు బోర్లించిన పడవ మీద కూర్చుని ఉన్నారు. "నైరుతిలోనూ సముద్రమే కనిపిస్తోందే నాయనా?"

"అది మన ప్లాటు బయట అండీ," అన్నాడు కామేశు తడుముకోకుండా. "దాని దోషం వాళ్ళకి."

హైమవతి ఇవేవీ వినడం లేదు. స్థలం నాలుగు అంచులూ నడిచింది. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ పిల్ల మంచం, మంచం పక్కన కిటికీ. కిటికీలోంచి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ ఉండకూడదు. ఉండదు కూడా. నెలల తరబడి భుజాల దగ్గర బిగుసుకుని ఉన్నదేదో కొంచెం సడలింది.

"ఇక్కడి పిల్లలు ఎక్కడికి వెళ్తారమ్మా?" అని నూకరత్నాన్ని అడిగింది.

"ఎక్కడికెల్తారు, సుట్టూ నీల్లే కదేటి!" అని నవ్విందామె.

హైమవతికి ఆ మాట చాలా బాగా నచ్చింది. మూడు రాళ్ళు తెచ్చి స్థలం మధ్యలో పొయ్యి పెట్టుకుంది. గిన్నెకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. "కాసిని పాలు దొరుకుతాయా?"

"పాలకేటి తక్కువమ్మా! కూకోండి, తెస్తాను." నూకరత్నం ఇంట్లోకి పోయింది.

చాలాసేపు రాలేదు. పితుకుతోంది కాబోలు అనుకుంది హైమవతి. కాత్యాయనిగారు ఇంటి వైపు చెవి పెట్టి ఒక్క క్షణం విని, మళ్ళీ సముద్రం వైపు తిరిగారు. చివరికి నూకరత్నం చెంబు నిండా పాలతో వచ్చింది. తెల్లగా, చిక్కగా, గిన్నెలో పోస్తే అంచుకు అంటుకునేలా ఉన్నాయి. వాసన చూస్తే తెలిసేదే. కాని ఆ దీవిలో గాలికీ, బట్టలకీ, మనుషుల జుట్టుకీ అన్నిటికీ ఒకే వాసన. దానికి తోడు ఓడ గాలికి హైమవతికి జలుబు పట్టుకుంది.

కొబ్బరి డొక్కలు ముట్టించి గిన్నె పెట్టింది. చేతులు జోడించింది. పిల్ల పేరు మనసులో అనుకుంది. పాలు వేడెక్కాయి, అంచుల వెంట నురగ కట్టాయి, మెల్లగా లేవసాగాయి. కామేశు ఫోన్ తీసి వీడియో పెట్టాడు. "వచ్చేస్తున్నాయి మేడమ్, వచ్చేస్తున్నాయి!"

రాలేదు. లేస్తున్న పాలు అలాగే ఆగి, మధ్యలో చీలాయి. తెల్లని పలుకులు ఒక పక్కకు, పల్చని నీళ్ళు ఒక పక్కకు. చూస్తుండగానే గిన్నె నిండా అదే.

"విరిగిపోయాయి," అంది హైమవతి.

కామేశు వీడియో ఆపేశాడు.

"ఇక్కడా నిలవదు. నా పిల్ల ఇక్కడా నిలవదు." బస్సు ఒరిగిన నాడు ఏడవలేదు ఆమె. ఆసుపత్రిలో ఏడవలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద కూలబడి, పొగలో, అందరి ముందూ ఏడ్చింది. ఏడుస్తూనే, ఆ గిన్నెను ఇంక చూడలేక, పారబోద్దామని కొంగు చుట్టుకుని దాని మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యిని నూకరత్నం గబుక్కున పట్టుకుంది.

"అయ్యయ్యో, ఇప్పుడు దించేస్తారేటమ్మా! ఇప్పుడే కదా ఇరిగింది. ఇప్పుడు దించేస్తే అటు పాలూ అవ్వవు, ఇటు నూనే అవ్వదు."

హైమవతికి అర్థం కాలేదు. "నూనేమిటి?"

"నూనెకి కాదేటి? మరెందుకు పెట్టినారు పొయ్యి మీద?" నూకరత్నానికీ అర్థం కాలేదు. "కొబ్బరిపాలు మరిగించీది నూనెకే కదా. ఇంత బాగా ఇరిగినాయంటే కాయ మంచిదన్నమాట. నేను మీకు సెబుదామనుకుంటన్నాను, మీరు ఏడుపు ఎత్తుకున్నారు. పొగకేమో అనుకున్నాను."

పొయ్యిలో డొక్క చిటపటమంది.

"ఆవుపాలమ్మా నేనడిగింది. గేదెపాలైనా సరే," అంది హైమవతి కళ్ళు తుడుచుకుంటూ. "పొంగి ఒలకాలి. మా వైపు అది శుభం."

"పొంగి నేలపాలైపోతే మంచిదా?" నూకరత్నం నోరు తెరిచింది. "ఇరిగితే సెడ్డా? బాగుంది మీ లెక్క! ఆవులూ గేదెలూ ఈ దీవిలో ఎక్కడివమ్మా? మాకు పాలంటే ఇయ్యే."

హైమవతి పడవ వైపు తిరిగింది. "మీకు తెలుసా గురువుగారూ?"

"కొబ్బరి కోరుతున్న చప్పుడు వినపడింది."

"మరి చెప్పలేదేం?"

"పాలు అడిగావు. పాలే వచ్చాయి," అన్నారు కాత్యాయనిగారు.

నూకరత్నం అప్పటికే పొయ్యి ముందు చతికిలబడి, గరిటె పుచ్చుకుని, మంట సర్దుతోంది. గిన్నె హైమవతిదైనా పని తనదైపోయింది. "నా సిన్నప్పుడు మా యమ్మ ఒకపాలి పొయ్యి నాకు ఒప్పజెప్పి వలల కాడికెల్లింది. ఇలాగే ఇరిగింది. పాడైపోనాదని దించేసి పందులకి పోసేసినాను. మా యమ్మ ఒచ్చి, ఈపు మీద గరిటెతో ఒక్కటిచ్చింది. పందులు మటుకు బాగా తిన్నాయి." ఆమె నవ్వింది. హైమవతికి నవ్వు రాలేదు గాని, ఆమె పక్కన కూర్చుంది.

మంట తగలనిచ్చారు. పలుకులు నీళ్ళలో ఎగిరెగిరి పడ్డాయి. నీళ్ళు చిమ్మాయి. గిన్నెలోంచి వచ్చే చప్పుడు వినడానికి బాగా లేదు. దూరంగా జరగాలనిపించేలా ఉంది. హైమవతి చెయ్యి రెండు మూడు సార్లు దానంతటదే గిన్నె వైపు లేచింది. ఎవరూ పట్టుకోలేదు. మధ్యలోనే వెనక్కి తీసుకుంది. ఒకసారి మంట మరీ పెద్దదైతే నూకరత్నం ఒక డొక్క పక్కకు లాగింది. అడుగంటబోతే గరిటెతో తిప్పింది. అంతే తప్ప గిన్నెను కదపలేదు. మెల్లగా చిమ్మడం తగ్గింది. పలుకులు ఎర్రబడి అడుగుకు దిగాయి. పైన నూనె తేలింది. అడుగున ఒక్కొక్క పలుకూ కనిపించేంత తేటగా ఉంది.

నూకరత్నం గిన్నె దించి, నూనె వంచి, మిగిలిన ఎర్రని పలుకుల్లో బెల్లం తురిమి ఆకులో పెట్టి అందరికీ ఇచ్చింది. వాంతులు చేసుకుని ఖాళీ అయిన కడుపు కామేశుది. రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు.

తిని మూతి తుడుచుకుని అతను మళ్ళీ పనిలో పడ్డాడు. "మేడమ్, మనం ఒరిజినల్ పాలు పెట్టలేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదు. లాంచీలో పాలపొడి ఉంది, తెప్పిస్తాను. గ్యారంటీగా పొంగుతాయి. లేదా అవతలి ప్లాటు చూద్దాం, అది ఇంకా లోపలికి, ఇంకా సేఫు. ఏమంటారు?"

హైమవతి తను మనసులో పిల్ల మంచం వేసిన చోటు వంక చూసింది. అక్కడ ఇసుక ఉంది. ఒక ఎండ్రకాయ దాని మీద తన దారిన తను పోతోంది. ఈ కిటికీలోంచి పొద్దస్తమానం నీళ్ళ వంక చూస్తూ, పెడితే తింటూ, ఊఁ అంటూ కూర్చునే చారుమతిని ఆమె చూడగలిగింది. క్షేమంగానే ఉంది. ముప్ఫై ఏళ్ళొచ్చినా అలాగే ఉంది. అది పాలూ కాదు, నూనే కాదు.

"వద్దండి," అంది.

"ఏ ప్లాటు వద్దండీ?"

"ఏదీ."

కామేశు కాత్యాయనిగారి వంక చూశాడు, ఆవిడైనా ఒక మాట సాయం చేస్తారేమోనని. ఆవిడ ఆకు మడిచి వేళ్ళు నాక్కుంటున్నారు. నూకరత్నం ఒక నిట్టూర్పు విడిచి, "పోనీలెండి, మా అన్న పడవ ఉందిగా, ఈ ఏడుకి దాంతో సేపలేటకెల్తాం," అని గిన్నె తోమడానికి తీసుకుపోయింది.

ఆ దీవిలో ఫోన్ పలికేది రేవు చివర ఒక్కచోటే. లాంచీ కూత వేశాక, అందరూ ఎక్కుతూ ఉండగా, హైమవతి అక్కడ నిలబడి కూతురికి చేసింది. గాలికి ఒక చెవి మూసుకుంది.

"కొనేశావా అమ్మా?" అంది చారుమతి. ఏ వంటకం చేశావని అడిగినట్టుంది గొంతు.

"కాలేజీ బస్సు ఎప్పుడొస్తుందే మన సందు చివరికి?"

అటు టీవీ చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఫోన్ పోయిందనుకుంది హైమవతి.

"ఏ బస్సు?"

"కాలేజీ బస్సు."

"పొద్దున్నే వస్తుంది. చీకటుండగానే." ఆ తర్వాతి మాటలు తొందర తొందరగా వచ్చాయి, ఇన్నాళ్ళూ వెనక నిలబడి ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకుంటూ. "నువ్వు లేవక్కర్లేదమ్మా. నేనే వెళ్ళిపోతాను. నిద్ర చెడగొట్టుకోకు. నిజంగానే అంటున్నావా? అమ్మా? మళ్ళీ మనసు మార్చుకోవు కదా?"

"లేస్తాను," అంది హైమవతి. ఇంకేదో అనబోయింది. లైను తెగిపోయింది.

లాంచీలో ఆమె గురువుగారి పక్కన కూర్చుంది. కామేశు అప్పుడే ఒక నిమ్మచెక్క ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. దీవి చిన్నదవుతూ పోయింది. హైమవతి ఒళ్ళోని గుడ్డసంచీ ముడి విప్పింది, మళ్ళీ కట్టింది.

"పంపుతానన్నాను గురువుగారూ. కాని భయం పోలేదండీ. ఇసుమంత కూడా పోలేదు."

కాత్యాయనిగారు ఆమె వైపు తిరిగారు. కళ్ళజోడు మీద ఉప్పునీటి చుక్కలు పడ్డాయి. వాటిని తుడుచుకోలేదు.

"అది నీది కదమ్మా," అన్నారు. "నీ దగ్గరే ఉంచుకో."